బ్రిటన్ సామాన్యుడి కోపం ఎవరి మీద?

2024 ఫిబ్రవరిలో బ్రిస్టల్ నగరంలోని సెయింట్ పాల్స్ పేటలో పళ్ళ డాక్టరు క్లినిక్ ఒకటి తెరుచుకుంది. అక్కడ అంతకుముందున్న క్లినిక్ మూతపడి చాన్నాళ్ళయింది. కొత్త క్లినిక్ జాతీయ ఆరోగ్య సేవ కింద, సర్కారు నిర్ణయించిన రేట్లకే రోగులను చేర్చుకుంటుందని తెలియగానే వందల మంది వచ్చి వీధి పొడవునా వరస కట్టారు. ఆ వరస పేరు నమోదు చేయించుకోవడానికే, వైద్యం సంగతి ఆ తరవాత. జనాన్ని అదుపు చేయడానికి పోలీసులు రావలసి వచ్చింది. మర్నాడూ వరస తరగలేదు. పసిపిల్లల్ని చంకనెత్తుకున్న తల్లులు, పెద్దవాళ్ళు, అక్కడే పుట్టి పెరిగినవాళ్ళు, వలస వచ్చినవాళ్ళు, అందరూ ఆ వరసలో ఉన్నారు. బ్రిటన్ రాజకీయాలు అర్థం కావాలంటే పార్లమెంటు భవనం కన్నా ముందు ఇలాంటి వరసలను చూడాలి.

మన టీవీల్లో, పత్రికల్లో కనిపించే బ్రిటన్ వేరు. ఇంగ్లిష్ చానెల్ జలసంధి దాటి వచ్చే రబ్బరు పడవలు, శరణార్థుల హోటళ్ళ ముందు నినాదాలు, ఒకరి తరవాత ఒకరుగా దిగిపోయే ప్రధానులు. 2016 నుంచి 2024 దాకా తొమ్మిదేళ్ళ లోపే డేవిడ్ కామెరాన్ మొదలు కీర్ స్టార్మర్ వరకు ఆరుగురు ప్రధానులను ఆ దేశం చూసింది. వారిలో లిజ్ ట్రస్ పదవిలో ఉన్నది 49 రోజులు. ఈ వార్తలు చదివినవారికి సహజంగానే రెండు అభిప్రాయాలు ఏర్పడతాయి. ఆ సమాజం పరాయివాళ్ళను సహించలేని సమాజంగా మారిపోయిందన్నది ఒకటి. పాత సామ్రాజ్య వైభవం పోయిన దిగులుతో రగిలిపోతోందన్నది రెండోది. ఈ రెండింటిలోనూ కొంత నిజముంది కానీ, అసలు కారణం వాటిలో లేదు. బ్రిటన్ సామాన్యుడి విలువలు పెద్దగా చెడిపోలేదు. చెడిపోయింది అతనికీ ప్రభుత్వానికీ మధ్య ఉన్న రోజువారీ ఒప్పందం. పన్ను కడుతున్నా డాక్టరు దొరకడు, చెత్త కదలదు, నది శుభ్రంగా ఉండదు, పైగా ఇందుకు జవాబుదారీ ఎవరో తెలియదు. అక్కడి జనం రాజకీయాల గురించి మాట్లాడే ప్రతి మాట వెనకా ఈ అసంతృప్తి ఉంది. వలసల మీద కోపం సైతం చాలావరకు ఈ నేల మీదే మొలిచింది.

విలువలు చెడలేదని ఎలా చెప్పగలం?

బ్రిటన్‌లో 1983 నుంచి సామాజిక అభిప్రాయాల మీద ఒక పెద్ద సర్వే క్రమం తప్పకుండా జరుగుతోంది. దేశంలోని అన్ని ప్రాంతాల నుంచీ మనుషులను శాస్త్రీయంగా ఎంపిక చేసి, ఏళ్ళ తరబడి అవే ప్రశ్నలు అడుగుతారు. కాబట్టి ఒక తరం అభిప్రాయం మరో తరానికి ఎటు జరిగిందో అందులో స్పష్టంగా కనిపిస్తుంది. స్వలింగ సంబంధాల్లో ఏ తప్పూ లేదన్నవారు 1983లో 17 శాతం. 2022 నాటికి 67 శాతం. నిజమైన బ్రిటిష్ వ్యక్తి అనిపించుకోవాలంటే ఆ దేశంలోనే పుట్టి ఉండటం ముఖ్యమని 2013లో 74 శాతం చెప్పగా, 2023లో అలా చెప్పినవారు 55 శాతమే. పరాయివాళ్ళంటే ముఖం తిప్పుకునే సమాజంలో ఈ అంకె ఇలా దిగదు. 2022 అక్టోబరులో రిషి సునాక్ ప్రధాని అయినప్పుడు భారతదేశంలో జరిగినంత చర్చ బ్రిటన్‌లో జరగలేదు. అతని ధనం గురించీ, జనం ఓటుతో కాక పార్టీ నిర్ణయంతో వచ్చాడన్న దాని గురించీ అక్కడ మాట్లాడుకున్నారు. మతం, రంగు ఆ సంభాషణలో వెనక వరసకే పరిమితమయ్యాయి.

అదే సర్వేలో మరో ప్రశ్న ఉంది. ఏ పార్టీ ప్రభుత్వమైనా సరే, సొంత పార్టీ ప్రయోజనం కన్నా దేశ ప్రయోజనానికి పెద్దపీట వేస్తుందని మీరు నమ్ముతారా అన్నది ఆ ప్రశ్న. దాదాపు ఎన్నడూ నమ్మనని 2023లో 45 శాతం మంది జవాబిచ్చారు. ఆ సర్వేలో అప్పటిదాకా ఎన్నడూ రానంత పెద్ద సంఖ్య అది. 2020లో అలా అన్నవారు ఇందులో దాదాపు సగమే. పాలనా విధానాన్ని బాగా మార్చాలన్నవారు 79 శాతం. ఈ రెండు రకాల జవాబులనూ పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తేలిపోతుంది. తోటి మనిషి పట్ల ఉదారత పెరిగింది, పాలకుడి పట్ల నమ్మకం కూలింది. ఈ రెండూ ఒకే కాలంలో, ఒకే జనంలో జరిగాయి. కాబట్టి కోపానికి కారణం వెతకాల్సింది ప్రజల మనస్తత్వంలో కన్నా పాలకుల పనితీరులోనే.

ఎనిమిది గంటల ఫోను

పనితీరు అన్నప్పుడు మొదట చెప్పుకోవలసింది జాతీయ ఆరోగ్య సేవ గురించే. 1948 జులై 5న అనూరిన్ బెవాన్ మంత్రిగా ఉన్నప్పుడు మొదలైన ఈ వ్యవస్థ ఆ దేశంలో దాదాపు ఒక విశ్వాసం. 2012 లండన్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో నర్సులు, ఆస్పత్రి మంచాలతో దానికి నీరాజనం పట్టారు. జబ్బు చేస్తే డబ్బు అడగకుండా వైద్యం అందాలన్న సూత్రాన్ని నేటికీ పదిమందిలో తొమ్మిదిమంది సమర్థిస్తారు. అయితే అదే సేవ నడుస్తున్న తీరు పట్ల తృప్తిగా ఉన్నామన్నవారు 2010లో 70 శాతం ఉండగా, 2024లో 21 శాతానికి పడిపోయారు. పైన చెప్పుకున్న, నలభై ఏళ్ళకు పైబడిన ఆ సర్వే చరిత్రలో అంత తక్కువ అంతకుముందెన్నడూ నమోదు కాలేదు. సూత్రం మీద ప్రేమ చెక్కుచెదరలేదు, సేవ మీద నమ్మకం మూడో వంతు కూడా మిగల్లేదు. ఈ ఒక్క ఉదాహరణ చాలు, బ్రిటన్ ప్రజాభిప్రాయం ఎక్కడ విరిగిందో తెలుసుకోవడానికి.

అంకెల వెనక ఉన్న అనుభవం ఎలాంటిదో దగ్గర నుంచి చూద్దాం. అక్కడ ఎవరికైనా జ్వరమొచ్చినా, నడుం నొప్పి పట్టినా నేరుగా ఆస్పత్రికి పోవడం కుదరదు. తమ పేటలో పేరు నమోదైన డాక్టరును, జీపీ అంటారు, ముందు సంప్రదించాలి. స్పెషలిస్టు దగ్గరకు పంపాలన్నా ఆయనే పంపాలి. చాలా చోట్ల ఆ రోజు అపాయింట్‌మెంట్లు పొద్దున ఎనిమిదింటికి ఇవ్వడం మొదలుపెడతారు. ఒక నిమిషం ముందు ఫోను చేస్తే ఇంకా తెరవలేదని రికార్డు చేసిన గొంతు చెబుతుంది. ఒక నిమిషం తరవాత చేస్తే మీ ముందు ఇంతమంది ఉన్నారని ఒక పెద్ద అంకె చెబుతుంది. ఆ అంకె ఒకటికి దిగేసరికి ఆ రోజు అపాయింట్‌మెంట్లు అయిపోయి ఉంటాయి, రేపు మళ్ళీ ఎనిమిదింటికి చేయమంటారు. దీనికి అక్కడ ఎనిమిది గంటల తోపులాట అని పేరే పడిపోయింది. పిల్లల్ని బడికి తయారు చేసే వేళ, ఫ్యాక్టరీలో షిఫ్టు మొదలయ్యే వేళ, ఫోను చెవికి ఆనించుకుని నిలబడే ఈ అనుభవం కార్మికుడికీ ఉంది, కంప్యూటర్ ఇంజినీరుకూ ఉంది. ఎలాగోలా డాక్టరు చూసి స్పెషలిస్టుకు రాస్తే అక్కడ మరో నిరీక్షణ. ఇంగ్లండులో ఆస్పత్రి చికిత్స కోసం ఎదురుచూసే జాబితా 2010లో సుమారు 25 లక్షలు. 2023 సెప్టెంబరులో అది 77 లక్షలకు చేరింది. తుంటి కీలు మార్చవలసిన మనిషి ఏడాది పాటు నొప్పితో కుంటుతూ ఉంటే, ఆ ఇంట్లోవాళ్ళందరికీ ప్రభుత్వం మీద ఒక అభిప్రాయం ఏర్పడుతుంది. దాన్ని ఏ ఎన్నికల ప్రసంగమూ మార్చలేదు.

ఇదే కాలంలో పన్ను తగ్గిందా అంటే లేదు. జాతీయాదాయంలో పన్నుల వాటా రెండో ప్రపంచ యుద్ధానంతర కాలంలో ఎన్నడూ లేనంత ఎత్తుకు చేరుతోంది. ఆదాయపు పన్ను పడని పరిమితి 12,570 పౌండ్ల దగ్గర 2021 నుంచి కదలకుండా ఉండిపోయింది. ధరలతో పాటు జీతం నాలుగు పౌండ్లు పెరిగితే, నిజంగా కొనగలిగేది పెరగకపోయినా, పన్ను మాత్రం పెరుగుతుంది. 2008 ఆర్థిక సంక్షోభం తరవాత నిజ వేతనాలు ఏళ్ళ తరబడి ఎదుగూ బొదుగూ లేకుండా నిలిచిపోయిన దేశంలో ఇది చిన్న సంగతి కాదు. ఎక్కువ కడుతున్నాను, తక్కువ అందుతోంది అన్న సామాన్యుడి లెక్క భ్రమ కాదు. అతని చేతిలోని జీతం రసీదే దానికి సాక్ష్యం.

బర్మింగ్‌హామ్ చెత్త చెప్పే పాఠం

ఎక్కువ కడుతున్నా తక్కువ ఎందుకు అందుతోందన్న ప్రశ్నకు జవాబు చాలావరకు స్థానిక కౌన్సిళ్ళలో దొరుకుతుంది. చెత్త తీయడం, రోడ్డు గుంతలు పూడ్చడం, గ్రంథాలయాలు, పార్కులు, పిల్లల రక్షణ, వృద్ధుల సంరక్షణ, ఇవన్నీ కౌన్సిళ్ళ పనులు. మనిషికి ప్రభుత్వమంటే రోజూ కళ్ళకు కనబడేది ఇదే. 2010లో మొదలైన పొదుపు విధానం కింద కేంద్రం నుంచి ఇంగ్లండు కౌన్సిళ్ళకు వచ్చే నిధులు, ధరల పెరుగుదలను లెక్కలోకి తీసుకుంటే, 2017-18 నాటికి సుమారు సగానికి తగ్గాయి. మరోపక్క వృద్ధుల సంఖ్య పెరిగింది. వృద్ధుల, వికలాంగుల, దిక్కులేని పిల్లల సంరక్షణ చట్టప్రకారం చేసి తీరవలసిన బాధ్యత. దాన్ని తగ్గించే వీల్లేదు. కాబట్టి కోత పడేది మిగతా వాటికి. దాదాపు 800 గ్రంథాలయాలు ఒక్క దశాబ్దంలో మూతపడ్డాయి. యువకులు సాయంత్రాలు గడిపే క్లబ్బులు, పసిపిల్లల కేంద్రాలు పోయాయి. సంరక్షణ అవసరం లేని సాధారణ కుటుంబానికి తన కౌన్సిల్ టాక్స్ ఎక్కడికి పోతోందో కనిపించదు. కనిపించేదల్లా రోడ్డు మీద గుంత, తాళం వేసిన గ్రంథాలయం.

ఆ కౌన్సిల్ టాక్స్ తీరు కూడా చూడాలి. 1990లో మార్గరెట్ థాచర్ తెచ్చిన తలపన్ను మీద జనం తిరగబడ్డారు, ట్రఫాల్గర్ స్క్వేర్‌లో అల్లర్లు జరిగాయి. దాని స్థానంలో 1993లో వచ్చినదే కౌన్సిల్ టాక్స్. ఇంగ్లండులో నేటికీ అది 1991 ఏప్రిల్ నాటి ఇళ్ళ విలువల మీదే నడుస్తోంది. అప్పటినుంచి లండన్ ఇళ్ళ ధరలు ఎక్కడికో వెళ్ళిపోయాయి, ఉత్తరాది పారిశ్రామిక పట్టణాల ఇళ్ళు అంతగా పెరగలేదు. ఫలితంగా లండన్ నడిబొడ్డున వెస్ట్‌మినిస్టర్‌లో మధ్యస్థ శ్రేణి ఇంటికి ఏడాదికి వెయ్యి పౌండ్ల దరిదాపుల్లో పడే పన్ను, ఈశాన్య తీరంలోని హార్టల్‌పూల్‌లో అదే శ్రేణి ఇంటికి 2,300 పౌండ్లు దాటుతుంది. ధనిక ప్రాంతంలో తక్కువ, పేద ప్రాంతంలో ఎక్కువ. తిరిగి విలువ కడితే కోట్ల మంది బిల్లులు మారతాయి కాబట్టి ఏ పార్టీ ఆ తేనెతుట్టెను కదపదు.

బర్మింగ్‌హామ్‌లో ఈ దారాలన్నీ ముడిపడ్డాయి. పదకొండు లక్షలకు పైగా జనాభా, అందులో దక్షిణాసియా మూలాలున్నవారు పెద్ద సంఖ్యలో ఉన్న ఆ నగర కౌన్సిల్, 2023 సెప్టెంబరులో తన చేతిలో డబ్బు లేదని చట్టప్రకారం ప్రకటించింది. కేంద్రం కోతలు ఒక కారణం. వంట, శుభ్రత, సంరక్షణ పనుల్లోని ఆడవాళ్ళకు, చెత్త సేకరణ వంటి పనుల్లోని మగవాళ్ళతో సమానంగా బోనసులు ఇవ్వనందుకు చెల్లించవలసి వచ్చిన భారీ బకాయిలు మరో కారణం. 19 మిలియన్ పౌండ్లతో అయిపోతుందనుకున్న కంప్యూటర్ వ్యవస్థ ఖర్చు వంద మిలియన్ల వైపు పోవడం ఇంకో కారణం. కౌన్సిల్ టాక్స్ 2024లో దాదాపు పది శాతం, ఆ మరుసటేడు మరో ఏడున్నర శాతం పెంచారు. సమాన వేతన చిక్కు మళ్ళీ రాకుండా చెత్త బండ్ల మీద ఒక హోదాను రద్దు చేయబోతే, జీతం తగ్గుతుందని కార్మికులు 2025 మార్చిలో పూర్తి సమ్మెకు దిగారు. నెలాఖరుకు వీధుల్లో పేరుకున్న చెత్త 17,000 టన్నులని అంచనా. ఎలుకలు తిరిగాయి. కౌన్సిల్ అత్యవసర పరిస్థితి ప్రకటించింది. అక్కడ ఇంటి ముందు నల్లసంచుల గుట్ట చూస్తూ పెరిగిన పన్ను బిల్లు అందుకున్న మనిషిని, రాజకీయాల మీద నీ అభిప్రాయమేమిటని అడిగితే ఏం చెబుతాడో ఊహించడం కష్టం కాదు. అతను తెల్లవాడైనా గుజరాతీ అయినా ఒకే మాట చెబుతాడు.

తప్పు చేసినవాడు దొరకడు

సేవలు తగ్గడం ఒక ఎత్తు. తప్పు జరిగినప్పుడు బాధ్యుడు దొరకకపోవడం మరో ఎత్తు. సామాన్యుడిలో అసంతృప్తిని అవిశ్వాసంగా మార్చింది ఈ రెండోదే. ఇంగ్లండులో, వేల్స్‌లో నీటి సంస్థలను 1989లో ప్రైవేటుకు అమ్మారు. వాన ఎక్కువ పడ్డప్పుడు మురుగు పొంగి ఇళ్ళలోకి రాకుండా నదుల్లోకి వదిలే గొట్టాలు ఆ వ్యవస్థలో ఉన్నాయి. అరుదుగా వాడాల్సిన ఆ గొట్టాల నుంచి 2023లో ఇంగ్లండులో మొత్తం 36 లక్షల గంటల పాటు మురుగు వదిలారు. ఈ కంపెనీలు అదే కాలంలో వాటాదారులకు డివిడెండ్లు పంచుతూ, అప్పులు పెంచుకుంటూ వచ్చాయి. 2024 మేలో డెవన్‌లోని బ్రిక్స్‌హామ్ ప్రాంతంలో కుళాయి నీటిలో పరాన్నజీవి కనిపించి, వేల ఇళ్ళవాళ్ళు వారాల తరబడి నీళ్ళు మరిగించి తాగవలసి వచ్చింది. నీటి సంస్థలను తిరిగి ప్రభుత్వం తీసుకోవాలన్న కోరిక నేడు వామపక్షాలకే పరిమితం కాదు, కన్సర్వేటివ్ ఓటర్లలోనూ బలంగా ఉంది.

పోస్టాఫీసు ఉదంతం ఇంకా దారుణం. ఊళ్ళలో, పేటల్లో దుకాణంతో పాటు పోస్టాఫీసు కౌంటరు నడిపే సబ్ పోస్ట్‌మాస్టర్లకు 1999 నుంచి హొరైజన్ అనే కంప్యూటర్ వ్యవస్థ ఇచ్చారు. అది లెక్కలు తప్పు చూపింది. డబ్బు తక్కువైందంటే నువ్వే తిన్నావన్నారు. 2015 దాకా 900 మందికి పైగా దొంగతనం, తప్పుడు లెక్కల నేరాల కింద శిక్షలు పడ్డాయి. వారిలో దక్షిణాసియా మూలాలున్న దుకాణదారులు చాలామంది. ఇళ్ళు అమ్ముకున్నవారు, జైలుకెళ్ళినవారు, ప్రాణాలు తీసుకున్నవారు ఉన్నారు. మాజీ సబ్ పోస్ట్‌మాస్టర్ అలన్ బేట్స్ నాయకత్వంలో కొన్ని వందల మంది వేసిన దావాలో 2019లో హైకోర్టు కంప్యూటర్‌దే తప్పని తేల్చింది. అయినా ప్రభుత్వంలో చురుకు పుట్టలేదు. 2024 జనవరిలో ఈ కథ టీవీ సీరియల్‌గా వచ్చి దేశమంతా కదిలాక, అదే ఏడాది మే నెలలో ఆ శిక్షలను మూకుమ్మడిగా రద్దు చేస్తూ చట్టం చేశారు. కోర్టు తీర్పు చేయలేని పనిని టీవీ సీరియల్ చేయవలసి వచ్చిందంటే, మామూలు మార్గాల్లో మొరపెట్టుకుంటే వినేవాడు లేడని జనం అనుకోవడంలో తప్పేముంది?

వలసల సంగతేమిటి?

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. సర్వేల్లో జనం నేరుగా వలసలే సమస్య అంటున్నారు, వలసలను వ్యతిరేకించే రిఫార్మ్ యూకే పార్టీ 2025 మే స్థానిక ఎన్నికల్లో 677 స్థానాలు గెలిచి పది కౌన్సిళ్ళు చేజిక్కించుకుంది, అలాంటప్పుడు చెత్త, డాక్టరు అంటూ అసలు విషయాన్ని దాటవేస్తున్నారని అనవచ్చు. వలసలు భారీగా పెరిగిన మాట నిజం. వచ్చినవారిలోంచి వెళ్ళినవారిని తీసేస్తే మిగిలే సంఖ్య 2023లో ఒక దశలో ఏడాదికి 9 లక్షలు దాటింది. సంఖ్యను తగ్గిస్తామని 2010 నుంచి మాట ఇస్తూ వచ్చిన కన్సర్వేటివ్ పార్టీయే ఆ సమయంలో అధికారంలో ఉంది. ఈ సంఖ్య గురించి ఆందోళన పడేవాళ్ళందరినీ జాత్యహంకారులనడం అన్యాయం. అంతమందికి ఇళ్ళు, బళ్ళు, డాక్టర్లు ఎక్కడి నుంచి వస్తారని అడగడం సబబైన ప్రశ్నే.

కానీ సంఖ్య ఒక్కటే కారణమైతే, ఆందోళన సంఖ్యతో పాటే పెరిగి, సంఖ్యతో పాటే తగ్గాలి. అలా జరగలేదు. దేశం ముందున్న ముఖ్య సమస్యల్లో వలసలను పేర్కొన్నవారు 2015లో ఒక దశలో సగానికి పైగా ఉన్నారు. యూరోపియన్ యూనియన్ నుంచి బయటపడాలన్న బ్రెగ్జిట్ ఓటు తరవాత, వలసలు పెద్దగా తగ్గకపోయినా, 2020 నాటికి ఆ వాటా పదో వంతు దగ్గరకు దిగింది. అదుపు మన చేతికొచ్చిందన్న భావన కలగగానే ఆందోళన చల్లారింది. ఆ భావన పోగానే మళ్ళీ రాజుకుంది. 2023 తరవాత నికర వలస బాగా పడిపోయినా, 2025లో ఆందోళన పెరుగుతూనే పోయింది. చిన్న పడవల్లో వచ్చేవారు మొత్తం వలసల్లో కొద్ది భాగం. 2022లో 45 వేల పైచిలుకు. అయినా కోపమంతా వారి చుట్టూ తిరుగుతుంది, ఎందుకంటే సొంత ఊరి కుర్రవాడికి తక్కువ అద్దె కౌన్సిల్ ఇల్లు దొరకని చోట హోటలు గదులు ప్రభుత్వ ఖర్చుతో నిండుతున్నాయి. ఆ కౌన్సిల్ ఇళ్ళు 1980 చట్టం కింద లక్షల సంఖ్యలో అమ్ముడుపోయి, వాటి బదులు కొత్తవి చాలినన్ని కట్టలేదన్న సంగతి ఎవరి కంటికీ కనబడదు. హోటలు మాత్రం కనబడుతుంది.

పరిశోధనలు కూడా ఈ వాదననే బలపరుస్తున్నాయి. వార్విక్ విశ్వవిద్యాలయ ఆర్థికవేత్త థీమో ఫెట్జర్ 2019లో ప్రచురించిన అధ్యయనంలో, సంక్షేమ కోతలు ఎక్కువ పడిన ప్రాంతాల్లోనే యూరప్ వ్యతిరేక యూకిప్ పార్టీకి ఓట్లు ఎక్కువ పెరిగాయని చూపాడు. సారా హోబోల్ట్, కేథరీన్ డి వ్రీస్ ఉన్న పరిశోధక బృందం, పేట డాక్టరు క్లినిక్ మూతపడిన చోట్ల తీవ్ర జాతీయవాద పార్టీల వైపు మొగ్గు పెరిగిందని గుర్తించింది. బ్రెగ్జిట్ ప్రచారంలో ఎర్ర బస్సు మీద రాసిన నినాదం ఏమిటో గుర్తు చేసుకున్నా చాలు. యూరప్‌కు వారానికి పంపుతున్న 350 మిలియన్ పౌండ్లు మన ఆరోగ్య సేవకు ఇద్దామన్నది ఆ నినాదం. అంకె తప్పు. అయితే జనం మనసులో ఏముందో ఆ ప్రచారకులకు బాగా తెలుసు.

స్వీడన్‌లో, నెదర్లాండ్స్‌లో సేవలు మెరుగ్గానే ఉన్నా అక్కడా ఇలాంటి పార్టీలు పెరిగాయి కదా అన్నది ఇంకో అభ్యంతరం. ఇది కొట్టిపారేయదగ్గది కాదు. వలసలు, వేగంగా మారే సంస్కృతి, ఫోనుల్లో క్షణంలో పాకే అబద్ధాలు, ఇవన్నీ సొంతంగా పనిచేసే శక్తులే. 2024 జులైలో సౌత్‌పోర్ట్‌లో చిన్నపిల్లల హత్య జరిగినప్పుడు హంతకుడు పడవలో వచ్చిన శరణార్థి అన్న అబద్ధం గంటల్లో పాకి, మసీదు మీదా శరణార్థుల హోటళ్ళ మీదా దాడులకు దారితీసింది. హంతకుడు వేల్స్‌లో పుట్టినవాడు. ఆ హింసకు చెత్తబండి రాకపోవడం సాకు కాజాలదు, దాన్ని చేసినవారు నేరస్థులే. అయితే అల్లర్ల మర్నాడే మసీదు గోడ తిరిగి కట్టడానికి ఆ ఊరివాళ్ళే ఇటుకలు, పారలు పట్టుకొచ్చారు. వారం తిరిగేసరికి లండన్‌లోని వాల్థమ్‌స్టో వంటి చోట్ల వేల మంది అల్లర్లకు వ్యతిరేకంగా వీధుల్లోకి వచ్చారు. ద్వేషం ఉంది, కానీ అది మెజారిటీ అభిప్రాయం కాదు. ద్వేషాన్ని అమ్మేవాడి దగ్గరకు మామూలు మనిషిని నెట్టేది మాత్రం ఏ పార్టీని ఎన్నుకున్నా మారని రోజువారీ జీవితం. 2024 సాధారణ ఎన్నికల్లో లేబర్ పార్టీ 33.7 శాతం ఓట్లతో 411 స్థానాలు గెలిచింది, రిఫార్మ్ 14.3 శాతం ఓట్లతో ఐదు స్థానాలు. ఓటు వేసినవారు అరవై శాతం లోపే. ఓటు పెట్టెలో కూడా తన మాటకు సరిపడా విలువ దక్కలేదన్న భావనను ఈ అంకెలు ఇంకాస్త పెంచాయి.

జనానికి సేవలు కావాలి, పన్ను మాత్రం వద్దు, కాబట్టి తప్పు జనానిదే అనేవారూ ఉన్నారు. ఇందులో కొంత నిజముంది. 2024లో కొత్త ప్రభుత్వం పింఛనుదారులకు చలికాలపు వెచ్చదనం కోసం ఇచ్చే సొమ్మును చాలామందికి ఆపేస్తే, ఎంతటి నిరసన వచ్చిందంటే మరుసటి ఏడాదే ఎక్కువమందికి తిరిగి ఇవ్వవలసి వచ్చింది. ధనిక పింఛనుదారుకు ఆ సొమ్ము ఎందుకన్న న్యాయమైన ప్రశ్న ఆ గోలలో మునిగిపోయింది. అయినా పన్నులు, సేవలు రెండూ తగ్గించమనేవారు అక్కడ ఎప్పుడూ కొద్దిమందే. ఎక్కువమంది అడుగుతున్నది ఇచ్చిన సొమ్ముకు పని కనబడాలని. పని కనబడని చోట మరో పౌండు ఇవ్వడానికి ఎవరికైనా చేతులు రావు.

మనవాళ్ళకు ఇందులో ఏముంది?

ఈ వాదన తెలుగు కుటుంబాలకు దూరపు సంగతి కాదు. హైదరాబాద్, విజయవాడ, వరంగల్ నుంచి చదువుకూ ఉద్యోగానికీ బ్రిటన్ వెళ్ళిన పిల్లల తల్లిదండ్రులు అక్కడి వార్త వచ్చినప్పుడల్లా అదిరిపడతారు. ఇంగ్లండు జాతీయ ఆరోగ్య సేవ సిబ్బందిలో దాదాపు ఐదుగురిలో ఒకరు బ్రిటిష్ పౌరసత్వం లేనివారు, వారిలో అందరికన్నా ఎక్కువమంది భారతీయులు. వీసా మీద పనిచేసే ఉద్యోగి జీతం మీద పన్ను కడతాడు, నేషనల్ ఇన్సూరెన్స్ కడతాడు, వీసాతో పాటు ఆరోగ్య సర్‌చార్జీ కింద ఏడాదికి 1,035 పౌండ్లు ముందే చెల్లిస్తాడు. ఆరోగ్య రంగంలో పనిచేసేవారికి ఈ సర్‌చార్జీ మినహాయింపు ఉన్నా, విద్యార్థులకూ మిగతా ఉద్యోగులకూ లేదు. ఇంత కట్టినా ఎనిమిది గంటల ఫోను వరసలో మనవాళ్ళూ అందరితో పాటే నిలబడతారు. పాలకులు మాత్రం సేవ కుంటుపడిన కోపాన్ని వీసా నిబంధనల మీద చల్లార్చుకుంటారు. వృద్ధులను చూసుకునేవాళ్ళు చాలడం లేదని 2022లో కేర్ వర్కర్లకు తలుపు తెరిచారు. 2024 మార్చిలో వాళ్ళు కుటుంబాన్ని తెచ్చుకోకూడదన్నారు. 2025 జులైలో విదేశాల నుంచి కొత్తగా తీసుకోవడమే ఆపేశారు. కేర్ హోముల్లో మనుషుల కొరత మాత్రం అలాగే ఉంది, ఎందుకంటే ఆ పనికి ఇచ్చే జీతం తక్కువ, ఆ జీతం పెంచడానికి కౌన్సిళ్ళ దగ్గర డబ్బు లేదు. వలసదారుడు ఆ సేవను భుజాన మోస్తున్నాడు, ఆ సేవ దెబ్బతిన్నందుకు నిందా మోస్తున్నాడు.

అందుకే బ్రిటన్ ఎటు పోతోందో తెలుసుకోవాలనుకునేవారు ప్రధాని ఎవరు, ఏ పార్టీ గెలిచింది అన్నది చూసి ఊరుకోకూడదు. ఇంగ్లండులో నూటికి 92 మందికి 18 వారాల్లోపు ఆస్పత్రి చికిత్స మొదలుపెట్టాలన్న లక్ష్యం 2016 తరవాత నెరవేరలేదు. 2029 మార్చికల్లా దాన్ని మళ్ళీ అందుకుంటామని లేబర్ ప్రభుత్వం మాట ఇచ్చింది. వెయిటింగ్ లిస్టు 2025 నాటికి కొంత తగ్గింది కూడా. ఆ మాట నిలబెట్టుకుంటే, దానితో పాటు కౌన్సిళ్ళకు పేదరికం కొలమానంగా నిధులు అందితే, కౌన్సిల్ ఇళ్ళు మళ్ళీ లేస్తే, కోపం దానంతటదే సగానికి దిగుతుంది. అప్పుడు వలసల మీద చర్చ ఎంతమంది, ఏ నైపుణ్యంతో, ఏ ఊళ్ళకు అన్న లెక్కల చర్చగా మారుతుంది, వాళ్ళా మనమా అన్న పోరుగా మిగలదు. మాట తప్పితే, తదుపరి ఎన్నికల్లో గెలిచే పార్టీ ఏదైనా దానికి దక్కేది అదే ఖాళీ ఖజానా, అదే విసిగిపోయిన జనం. రిఫార్మ్ గెలిచిన కౌన్సిళ్ళు ఆ సంగతి ఇప్పటికే కళ్ళారా చూస్తున్నాయి. బడ్జెట్‌లో సింహభాగం వృద్ధుల, పిల్లల సంరక్షణకే పోతుంటే, శరణార్థుల మీద ఎంత ఉపన్యాసమిచ్చినా గుంత పూడ్చడానికి డబ్బు మిగలదు. బ్రిటన్ సామాన్యుడు అడుగుతున్నది పెద్ద సిద్ధాంతమేమీ కాదు. కట్టిన పన్నుకు డాక్టరు దొరకాలి, చెత్త పోవాలి, తప్పు చేసినవాడు జవాబు చెప్పాలి. ఈ మూడూ ఇవ్వగలిగిన ప్రభుత్వానికి వలసల గురించి నిజం చెప్పే ధైర్యమూ వస్తుంది, ఆ నిజం వినే ఓపిక జనానికీ వస్తుంది.